యాత్ర బండి

"ఇంటికి చక్రాలు పెట్టినావా, బండికి తలుపు పెట్టినావా? ఏందప్పా ఆదెప్పా ఇది?" అని కొల్లప్ప అడిగేసరికి వాకిట్లో చేరిన జనమంతా గొల్లుమన్నారు.

ఆదెప్ప మొహం మాడ్చుకున్నాడు. హొసకోట వెల్డరును పదిహేను రోజులు ఇంట్లో పెట్టుకుని మేపి చేయించిన బండి అది. పాత జీపు ఇరుసు, దాని స్ప్రింగు పట్టీలు, పైన రేకుల గది. లోపల నులక మంచం, స్టవ్వుకు గూడు, నీళ్ల డ్రమ్ము, గాలికి ఒక కిటికీ. ట్రాక్టరు వెనక తగిలిస్తే రాళ్లలోనైనా వంకలోనైనా పోతుంది.

"నవ్వండప్పా, బాగా నవ్వండి. మా అమ్మను అహోబిలం తోలకపోతాండా. బస్సులో కూచోలేదు కదా, దీంట్లో పండుకోనే పోవచ్చు."

"ఓహోహో! ఒక్కసారి నరసింహస్వామిని చూపీరా అని మీయమ్మ మూడేండ్లుగా మొత్తుకుంటాంటే చెవిటోని మాదిరి ఉంటివి. ఈపొద్దు యాడ పుట్టుకొచ్చిందప్పా ఇంత భక్తి?"

కొల్లప్ప నోరు చెడ్డదే గాని మాట అబద్ధం కాదు. ఈ పుత్రరత్నం భక్తి ఏపాటిదో తనకూ, తన పెళ్లాం అంజనమ్మకూ, పంచాంగం చూసే కోదండరామయ్యకూ మాత్రమే తెలుసునని ఆదెప్ప ధీమా.

తల్లి రామలక్ష్మమ్మ మంచాన పడి రెండు నెలలు. కోదండరామయ్య వేళ్లు లెక్కపెట్టి, "వచ్చే ధనిష్ఠా పంచకం దాటేది కష్టమప్పా" అన్నాడు. ఆ ఐదు రోజుల్లో ఇంట్లో ప్రాణం పోతే ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలి. ఆదెప్పకు గుండె జారిపోయింది. తల్లి కోసం అనుకునేరు! వరసగా మూడు కరువుల్లో కాపాడుకున్న నలభై మూటల విత్తనపు వేరుశనక్కాయ నట్టింట్లో ఉంది. దాన్ని ఎవరి పంచలో పెట్టాలి?

"పెరట్లో గుడిసె ఏసి ఆడ పండుకోబెడితే?" అని అడిగాడు.

"నేల మీద లేసిందంతా ఇల్లే. నేల తగలకూడదు" అన్నాడు అయ్యవారు.

నేల తగలకూడదంటే ఇక చక్రాలే. కన్నతల్లిని చావడానికి బయట పడేస్తున్నాడని ఊరు మొహాన ఉమ్మకుండా దానికి యాత్ర అని పేరు పెట్టాడు. ఎంత తెలివి!

మధ్యాహ్నానికి ధనిష్ఠ వస్తుందనగా, పొద్దున్నే ముసలమ్మను ఎత్తుకొచ్చి బండిలో పడుకోబెట్టారు.

"బయల్దేరతాండామా నాయనా?"

"పోదాంలేమా. డీజిలు రావల్ల."

"డబ్బా నిండా ఉండాది కదరా."

"అది ఖాళీదిమా. నువ్వు గమ్మున పండుకో."

అంజనమ్మ దిండు సర్దుతూ, "ఈ ఐదు దినాలు ఈడే ఉండత్తా, గాలి బాగొస్తాది" అంది.

"ఐదు దినాలేందే?"

అంజనమ్మ నాలిక కరుచుకుని ఇంట్లోకి పోయింది. మొగుడూ పెళ్లామూ కడుపు నిండా తిని, పీడ వదిలిందని కునుకు తీశారు.

లేచి చూస్తే బండి తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం ఖాళీ. ఆదెప్ప పరుగున ఇంట్లోకి వచ్చాడు. రామలక్ష్మమ్మ వేరుశనక్కాయ మూటల మీద వెల్లకిలా పడుకుని ఉంది.

"మా! ఈడికెట్ల వచ్చినావుమా?"

"ఏమో నాయనా... నా ఇల్లు నన్ను పిలిసింది. ఇంగ నాతో కాదు. ఈడనే పోతా."

ముసలమ్మ ఎగరొప్పుతూ కళ్లు తేలేసింది.

"వద్దుమా! ఈడ మాత్రం వద్దు! నీ కాళ్లు పట్టుకుంటా, బయటికి రామా!"

ఆ కేకలకు ఊరు వచ్చి గడపలో నిలబడింది. తల్లి కొన ఊపిరితో ఉంటే గుక్కెడు నీళ్లు పొయ్యకుండా కాళ్లు పట్టి బయటికి ఈడుస్తున్న కొడుకును చూసి కొల్లప్ప కాండ్రించి ఉమ్మేశాడు.

"థూ! యాత్ర బండంట, యాత్ర బండి! ఇదేనేమిరా నీ యాత్ర?"

రామలక్ష్మమ్మ మూటను రెండు చేతులా కరుచుకుంది. "బండి కొండకు కదిలితే ప్రాణం నిలబడతాదేమో నాయనా" అంది సన్నగా.

అంతే, ఖాళీ డబ్బాలోకి డీజిలు వచ్చేసింది. పావుగంటలో ట్రాక్టరుకు బండి తగిలించారు. తాను దోవలో పోతే మంత్రం చెప్పడానికి అయ్యవారు కూడా ఉండాలని ముసలమ్మ పట్టుబట్టింది. ఆదెప్ప కోదండరామయ్యను సంచీతో సహా బండిలోకి తోసి, తలుపు వేసి, పోయి స్టీరింగు పట్టుకున్నాడు. నాలుగు దినాల దోవ, తప్పదు. పైగా వెనక ఊరంతా ఈలలు.

ఊరు దాటింది. ఎండిన వంకలో దిగి బండి మెల్లగా ఊగింది. రామలక్ష్మమ్మ లేచి, దిండుకు ఆనుకుని కూర్చుంది. కిటికీ తెరిచి, కదిలిపోతున్న బీడు భూములను కళ్లారా చూసింది. సంతోషం పట్టలేక పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది.

కోదండరామయ్య మాత్రం కూర్చున్నచోటే నలుగుతున్నాడు. "గండమని, నేల తగలకూడదని నోటికొచ్చిన అబద్ధమంతా చెప్తిని. ఇంగ స్వామి ఎదురుగా ఎట్ల నిలబడేది తల్లీ?"

"మీతో చెప్పించింది నేను కదా స్వామీ, ఆ పాపమేదో నాకే తగలనీలే!" అంది రామలక్ష్మమ్మ.