గొంతు పరీక్ష

"నిన్న ఈ మడిలో ఆ పాట ఎత్తుకున్నదెవరు?"

నల్లచొక్కాల దళం కమాండర్ గ్రిన్యాస్కో గట్టు మీద నిలబడి అరిచాడు. మోకాలిలోతు నీళ్ళలో వరి కలుపు తీస్తున్న నలభైమంది ఆడవాళ్ళలో ఒక్కతీ నడుమెత్తలేదు. అది రోములో కూర్చుని దేశాన్నేలే నియంత డూచే నిషేధించిన సమ్మె పాట. ఎత్తుకున్నది ఎర్మెలీనా. దొరికితే అయిదేళ్ళు దీవి జైలు. ఆమె చంటిబిడ్డ గట్టు మీద బుట్టలో నిద్రపోతోంది.

"నువ్వు చూళ్ళేదా?" అని పినోత్తో అనే మేస్త్రీని కమాండర్ గద్దించాడు.

"వెనకాల నిలబడి పని చేయిస్తానండి. నాకు కనపడేవి మొహాలు కావండి. గొంతయితే గుర్తుపడతాను."

"అయితే ఒక్కొక్కతే పాడండి!"

"పాడితే జైలన్నారు కద నాయనా?" అంది ముసలి జెల్సోమీనా.

"ఇప్పుడు పాడకపోతే జైలు!"

సర్కారు చట్టం ఎప్పుడూ అంతే. ఎటు తిరిగినా జైలే.

జెల్సోమీనా కప్పలా బెకబెకలాడింది. రెండో ఆమె రాగాన్ని బురదలో వేసి తొక్కింది. మూడో ఆమె దాన్ని చావుపాట చేసి ఏడ్చింది.

"ఇదా?"

"కాదండి."

"ఇదా?"

"అబ్బే, అస్సలు కాదండి."

ముప్పైమంది అయ్యాక ఎర్మెలీనా వంతు వచ్చింది. నోరు తెరిచి మేకపిల్లలా అరిచింది. "నడుములు మావీ... గొడుగు నీదీ..."

"ఛీ, ఆపు!" కమాండర్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "పాటని చంపుతున్నారు కదే! గొడుగు దగ్గర పైకి లేవాలి. మా అమ్మ ఈ మళ్ళలోనే ఇరవై ఏళ్ళు పాడింది, నాకు తెలీదూ? వినండి!"

కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు.

"నడుములు మావి, గొడుగు నీది దొరా,
మేం నడుమెత్తిన నాడు నీ గొడుగేదిరా!"

ఏ మాటకామాటే, మంచి గొంతు. కాలవ అవతలి మడిలో ఆడవాళ్ళు వెంటనే అందుకున్నారు. ఆ పక్క మడి, దాని పక్క మడి. మూడొందల గొంతులు. ఎర్మెలీనా కూడా గొంతు విప్పింది. అంత హోరులో ఆమెది ఎవడికి తెలుస్తుంది?

కమాండర్ కళ్ళు తెరిచాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. గబగబా జేబులోంచి కాగితం, పెన్సిలు తీశాడు.

"చాలు! ఎత్తుకున్నదెవరో పేరు చెప్పి ఏడు. ఇవాళే రోముకి పంపాలి."

మేస్త్రీ ఆడవాళ్ళకేసి చూశాడు. వినయంగా టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇంతమంది విన్నాక అబద్ధమెందుకండి? తమరేనండి."