ముక్కూ మొహం తెలియని మనిషి

"మౌస్ మీంచి చెయ్యి తియ్యి!"

డయానా అరిచిన అరుపుకి కంప్యూటర్ ల్యాబ్‌లో పిల్లలంతా ఒక్కసారిగా తలలు తిప్పి చూశారు. చివరి వరసలో రుచిత చటుక్కున తెర మీద ఉన్నదేదో మూసేసింది. ఎవరితోనో చాటింగు చేస్తోందని మాత్రం డయానాకి అర్థమైంది. అదీ ఏ పాఠం జరుగుతుండగా? బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది: ఆన్‌లైన్‌లో కొత్తవాళ్ళతో స్నేహం చేయరాదు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బీఈడీ టీచింగ్ ప్రాక్టీసుకని కొండపల్లిలోని ఆ స్కూలుకి వచ్చింది డయానా. పదో తరగతి పిల్లలు ఆమెను లెక్కలోకే తీసుకోరు. "ట్రైనింగ్ టీచరే కదా, వెళ్ళిపోద్దిలే" అనుకోవడం ఆమె చెవిన పడుతూనే ఉంటుంది.

బెల్లు మోగింది. అందరూ క్యారేజీలు పట్టుకుని పరుగెత్తారు.

"రుచితా, నువ్వుండు."

ఆ పిల్ల తలవంచుకుని నిలబడింది.

"ఎవరతను?"

"అతను కాదు మేడమ్. ఒక అక్క."

"పేరు?"

"తెలీదు."

"ఊరు?"

"నేనడగలేదు మేడమ్. తనూ అడగదు."

"ఎప్పుడైనా చూశావా?"

లేదన్నట్టు తల ఊపింది.

"ముక్కూ మొహం తెలియని మనిషి అక్కో, తాగుబోతు వెధవో నీకెట్లా తెలుసు? ఇందాకట్నుంచీ నేను మొత్తుకుంటోంది ఎవరి కోసం? ఇంతకీ ఇప్పుడేమన్నాడు వాడు?"

"ఏమనలేదు మేడమ్. ఈ టైములో ఎప్పుడూ రిప్లై ఇవ్వదు."

"రోజూ ఏం మాట్లాడుకుంటారు?"

"ఏముంటది మేడమ్... అన్నం తిన్నావా, జ్వరం తగ్గిందా, అంతే."

డయానా గొంతు కాస్త తగ్గింది. "ఇంట్లో ఎవరుంటారు?"

"అమ్మ కువైట్లో ఉంది. నాన్నకి థర్మల్లో షిఫ్టు డ్యూటీ. వచ్చి పడుకుంటాడు."

"మరి క్లాసులో ఇంతమంది ఉన్నారు కదా, వాళ్ళతో మాట్లాడొచ్చుగా?"

"వాళ్ళకి వాళ్ళున్నారు మేడమ్."

స్టాఫ్‌రూములో డయానా సంగతీ అంతే. టీచర్లంతా కూరలు పంచుకుని తింటుంటే తను మూల కుర్చీలో క్యారేజీ విప్పుకుంటుంది. వాళ్ళు ఏమీ అనరు. రమ్మనీ అనరు. కానీ ఆ సంగతి పిల్లతో ఎలా చెబుతుంది? గొంతు మళ్ళీ పెంచింది.

"హెడ్‌మాస్టారు గారికి చెప్పమంటావా, మీ నాన్నకి ఫోన్ చెయ్యమంటావా?"

"వద్దు మేడమ్! నాన్నకి తెలిస్తే ఇంట్లో ఫోన్ కూడా ముట్టుకోనివ్వడు. అమ్మతో కూడా మాట్లాడలేను."

"అయితే ఆ మనిషితో ఇక మాట్లాడనని మాటివ్వు."

రుచిత కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. చెయ్యి చాచి డయానా అరచేతిలో వేసింది.

"ఒక్కసారి చెప్పి మానేస్తాను మేడమ్. చెప్పాపెట్టకుండా మానేస్తే కంగారుపడుద్ది. ఆ అక్కకి కూడా ఎవరూ లేరు."

"నీకు చెప్పిందా?"

"చెప్పలేదు. తెలిసిపోద్ది మేడమ్."

"సరే. ఒక్క మెసేజి. తర్వాత ఆ అకౌంటు తీసెయ్యాలి."

రుచిత మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. డయానా కిటికీ దగ్గరకు వెళ్ళి అటు తిరిగి నిలబడింది. బయట బెజవాడ వైపు గూడ్సు బండి ఒకటి పోతోంది. అది దాటిపోయేసరికి వెనక టైపింగు చప్పుడు కూడా ఆగిపోయింది.

"పంపేశాను మేడమ్. అకౌంటు కూడా తీసేశాను" అని, ముక్కు చీదుకుంటూ వెళ్ళిపోయింది ఆ పిల్ల.

ల్యాబులో డయానా ఒక్కతే మిగిలింది. ఒక ఆడపిల్లను ఊబిలోంచి బయటికి లాగాననే తృప్తి ఉంది. అయినా మనసు బాగాలేదు. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది.

చెప్పుకోవడానికి ఆమెకున్నది ఒక్కరే. కూచిపూడిలో ఉండే ఒక పెద్దావిడ. డాన్సు టీచరుగా చేసి రిటైరయ్యారట. హాస్టల్ గదిలో ఊసుపోక ఫోన్లో లూడో ఆడుతుంటే పరిచయమయ్యారు. మొన్న జ్వరంతో పడుకున్నప్పుడు గంటగంటకీ కనుక్కున్నది ఆవిడే. డయానా ఆవిడను చూసింది లేదు. కానీ అంత పెద్ద వయసు మనిషి, ఆవిడ సంగతి వేరు.

హ్యాండ్‌బ్యాగులోంచి ఫోన్ తీసింది. ఆవిడ దగ్గర్నుంచి అప్పటికే ఒక మెసేజి వచ్చి ఉంది.

"అమ్మాయ్, వేళకి తిను, మందులు మానకు. ఇక నేను నీతో మాట్లాడకూడదు, మా కంప్యూటర్ మేడమ్‌కి మాటిచ్చాను."