గురువుగారు కొట్టేసిన జన్యువు

“మళ్ళీ చదువమ్మా,” అన్నారు ముసలి ప్రొఫెసర్, కడుపు మీద చెయ్యి వేసుకొని.

ల్యాబు డాక్టరమ్మ ఒకప్పుడు ఆయన శిష్యురాలే. రిపోర్టు ఆయన ముందుకు తోసింది.

“కడుపు క్యాన్సరే సార్. అయితే గడ్డలో ఒక జన్యువు జోరుగా పనిచేస్తోంది. అలాంటివాళ్ళలో ఒంటి రక్షణ కణాలు గడ్డను చుట్టుముడతాయి. వాటిని ఉసిగొల్పే ఇంజెక్షన్ మీకు గుణమిచ్చే అవకాశం ఎక్కువ.”

“ఏ జన్యువు?”

“నా థీసిస్‌లో ఈ మాటే రాస్తే మీరు అడ్డగీత పెట్టి కొట్టేసిన జన్యువే. ‘ఇది సైన్సా, చిలక జోస్యమా?’ అని అందరి ముందూ నవ్వారే, అదే.”

ఈ ఒక్క మాట అనడానికి ఆమె ఆరేళ్ళు పంటి బిగువున కాచుకుంది. ముసలాయన ముఖం మాడిపోయింది.

“నేను పోవాలని కోరుకున్నావా?”

“రోజూ కోరుకున్నాను.”

“అయితే నిశ్చింతగా ఉండు. నాకు ఇంజెక్షన్లూ వద్దు, ఏమీ వద్దు. ఈ వయసులో ఆ బాధ పడలేను.”

ఆమె గబుక్కున కుర్చీలోంచి లేచింది. మందు వేయించుకోకుండా ఈయన పోతే ఆనాటి నవ్వే నిలుస్తుంది, తన మాట గాలికి పోతుంది. పగ తీరాలంటే పగవాడు బతకాలి.

“అంత తేలిగ్గా వదలను సార్,” అంటూ ఆయన చెయ్యి పట్టుకొని లేపింది. “పదండి, క్యాన్సర్ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. మీ నోటితో మీరు తప్పొప్పుకొనేదాకా మిమ్మల్ని చావనిచ్చేది లేదు.”