రెండు కంబళ్ళ వ్యాను

ఇంజను చప్పుడు చెవిన పడితే చాలు, బండి వయసు చెప్పేస్తాను. అందుకే కంబళ్ళు అమ్మే సిద్దప్ప, వ్యాను కొనడానికి హిందూపురం వస్తూ నన్నూ వెంటబెట్టుకొచ్చాడు. భార్య అంజినమ్మ కూడా వచ్చింది. సిద్దప్ప సంతలకు తిరిగే మనిషి, రాత్రుళ్ళు ఆ వ్యానులోనే పడుకోవాలి.

బండ్లు అమ్మే చోట ఒక పాత డీజిలు వ్యాను బానెట్టుకు చెవి ఆనించి, "పదేండ్ల ఇంజనప్పా, గుండె గట్టిది" అన్నాను.

"ఇంగా స్టార్టే చెయ్యలేదు మామా" అంది అంజినమ్మ. "ఆ చప్పుడు పక్కనుండే పిండిమిషన్‌ది."

సిద్దప్ప మనసు కొత్త పెట్రోలు వ్యాను మీదుంది. "ఎంత నున్నగా ఉండాదో చూడు! దీన్నే తీసుకుందాం."

అంజినమ్మ చంకలోని రెండు కంబళ్ళు తీసి అందులో పరవబోయింది. ఒకటే పట్టింది. డీజిలు వ్యానులో రెండూ పక్కపక్కనే పట్టాయి.

"పండుకునేది నేనొక్కన్నే కదా, ఒకటి చాలదా?" అన్నాడు సిద్దప్ప.

"ఇరవై ఏండ్లుగా నేను వడికిన ఉన్ని ఊర్లన్నీ చూసొస్తాండాది. నేను హిందూపురం దాటలా."

సిద్దప్ప ఆ రెండు కంబళ్ళనూ చూస్తూ నిలబడ్డాడు. పొద్దుటి నుంచీ అవి అమ్మడానికి తెచ్చిందనుకున్నాడు.

"డీజిలుదే తీసుకుందాం లే" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ముగ్గురం ధర్మవరం బయల్దేరాం. వ్యాను ఎక్కడా ఆగకుండా గాలిలా పోయింది.

ఎక్కడా ఆగలేదన్నది మాత్రం నా కల్పన. పెనుకొండ దగ్గర ఆగిపోతే నేనూ సిద్దప్పా వెనకనుంచి తోశాం. స్టీరింగు పట్టుకున్న అంజినమ్మ తల బయటపెట్టి అరిచింది:

"గట్టిగా తోయండప్పా! పొద్దు పోకముందే ధర్మవరం చూడాల నేను!"