నూట ఎనిమిది

“నూట ఎనిమిది,” అంది నర్సమ్మ, నాడి చూసి వడ్రంగి చెయ్యి వదిలేసి.

“మళ్ళీనా?” డాక్టరు కలం కింద పెట్టాడు. “వరసగా మూడో వారం. ఇక మందు ఆపెయ్యాలి మేస్త్రీ.”

థైరాయిడ్ హార్మోన్‌ను పోలిన మందు అది, ఇంకా పరీక్షల్లోనే ఉంది. కాలేయానికి పని చెప్పి రక్తంలో కొలెస్ట్రాల్ దించుతుంది. గుండె జోలికి మాత్రం పోకూడదు. నాడి పరుగెత్తితే ఆ మనిషిని పరీక్షలోంచి తప్పిస్తారు.

పాత మాత్రలు అతనికి పడలేదు. కండరాలు పట్టేసి, చెక్క నునుపు చేసే చిత్రిక చేతిలో నిలిచేది కాదు. అన్న యాభై నిండకుండానే గుండెపోటుతో పోయాడు. ఈ మందుతో కొలెస్ట్రాల్ మూడు వందల పది కాస్తా నూట తొంభైకి దిగింది. నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలవుతోంది.

“నా గుండెకేం కాలేదు సార్. ఈవిడ అరుపులకే అదురుతోంది. ఇంట్లో అరవడానికి ఎవరూ లేరు కాబోలు.”

“మీ మాటలు పడేందుకు మాత్రం ఎవరున్నారు?” అంది నర్సమ్మ. “గుండీ ఊడి నెలయింది, కుట్టుకునే దిక్కు లేదు గానీ మాటలు కోటలు దాటుతాయి.”

డాక్టరు అతణ్ణి పడుకోబెట్టి గుండె వేగం చూపే యంత్రం తీగలు తగిలించాడు. తెర మీద డెబ్బై రెండు. లేచి కూర్చోమన్నాడు. డెబ్బై రెండే.

“సిస్టర్, మీరు మళ్ళీ చూడండి.”

ఆవిడ మణికట్టు మీద వేళ్ళు ఆనించింది. తెర మీద అంకె కదల్లేదు. డాక్టరు గోడ గడియారం చూస్తూ నిలబడ్డాడు.

“నూట ఎనిమిది.”

“ఎంతసేపు లెక్కపెట్టారు?”

“నిమిషమే సార్.”

“నిమిషమున్నర. అంటే నిమిషానికి డెబ్బై రెండు. మందు సాగుతుంది మేస్త్రీ.”

వడ్రంగి గుండెల మీది బండ దిగింది. దిగగానే నోరు లేచింది.

“గడియారం చూడ్డం రాని మనిషి చేతిలో పెట్టారా నా ప్రాణం? ఎంతమంది కొంప ముంచిందో.”

“మిగతా అందరి నాడీ నేనూ చూశాను. ఒక్కరి లెక్కా తప్పలేదు,” అన్నాడు డాక్టరు.

నర్సమ్మ తల దించుకుని సూదుల డబ్బా సర్దుతోంది.

మిగతా చేతులన్నీ ఆవిడ నిమిషానికే వదిలేసింది.