వినకుండా రాస్తే గెంటేస్తాం

ముందే ఒప్పేసుకుంటున్నాను, ఈ కథలో వచ్చే పాడ్‌కాస్టుల్లో నేను ఒక్కటి కూడా పూర్తిగా వినలేదు. కాబట్టి డ్రైవింగ్ మాస్టారిని చూసి నవ్వే హక్కు నాకు లేదు. అయినా నవ్వొచ్చింది.

"ఆ ఒక్క మాట చెప్పండి మాస్టారూ, అందరూ వెయిటింగ్," అన్నాడు పెద్దన్న, డ్యాష్‌బోర్డు మీది ట్యాబ్‌లోంచి.

మాస్టారి కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. కారు కదలడం లేదు. డ్రైవింగ్ స్కూలు వెనక నీడలో, అద్దాలన్నీ ఎత్తేసి, వెనక అద్దానికి దుప్పటి కట్టుకుని నిలబడి ఉంది. ఆదివారాలు అదే ఆయన స్టూడియో. నేర్పేవాడి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, ప్రమాదం కనిపిస్తే చాలు, ఆయన కాలు దాని మీదికి పోతుంది.

పక్కన డ్రైవింగ్ సీట్లో, అందరూ 'గడ్డం' అని పిలిచే ఏసీ మెకానిక్. ఆయనకీ ఒక పాడ్‌కాస్టు ఉంది. మగవాళ్ళ కోసం పాడ్‌కాస్టులు చేసే మగవాళ్ళంతా 'మగ గొంతులు' అనే ఆన్‌లైన్ గ్రూపులో పోగయ్యారు. నువ్వు నా షో విని లోపాలు చెప్పు, నేను నీది విని చెప్తాను, ఇద్దరం పది మందికీ షేర్ చేద్దాం. అదీ అక్కడి పద్ధతి. మాస్టారికి ఉన్న శ్రోతలంతా ఆ గ్రూపు చలవే. అడ్మిన్ పెద్దన్న పెట్టిన రూలు ఒక్కటే: వినకుండా రివ్యూ రాస్తే గెంటేస్తాం. కిందటి నెలే ఒకణ్ణి గెంటేశాడు కూడా.

మాస్టారు ఇంతవరకూ ఎవరి షోనీ వినలేదు. ఆయన పేరు మీద వినేదీ, రాసేదీ ఆయన భార్య.

"ఇవాళ గ్రూపు లైవ్‌లో అడుగుతారే. గడ్డం ఎపిసోడ్‌లో ఏముందో కాస్త చెప్పు," అని పొద్దున బతిమాలాడు.

"వినడం నాదీ, ఫోజు మీదీనా? ఇస్త్రీ చేస్తూ నేను విన్నాను. గడ్డం గీసుకుంటూ మీరు వినండి."

"దార్లో వింటాలే."

దార్లో పాటలు విన్నాడు.

"మాస్టారూ, ఉన్నారా?" పెద్దన్న గొంతు పెంచాడు.

"ఉన్నానన్నా! అసలు నన్ను ఈ స్థాయికి తెచ్చింది గడ్డం అన్న రివ్యూలే. 'ప్రశ్న మీరే అడిగి జవాబూ మీరే చెప్పేస్తున్నారు, ఎదుటి మనిషిని కాస్త నోరు తెరవనివ్వండి' అని రాశాడు. ఇదే మాట మా ఆవిడ పెళ్ళయిన దగ్గర్నుంచీ అంటోంది, చెవికెక్కలేదు. మగాడి బాధ మగాడు చెప్తేనే ఎక్కుతుంది!"

"అది నేను రాశానా?" అన్నాడు గడ్డం. వెంటనే సర్దుకుని, "రాశాను, రాశాను," అన్నాడు.

"పొగడ్తలు సరే. ఆయన కొత్త ఎపిసోడ్‌లో మీకు బాగా తగిలిన మాట?"

"మాటంటే... మధ్యలో ఒకచోట ఊపిరి పీల్చుకున్నాడన్నా. గుండె పిండేసింది."

"ఊపిరి కాదు మాస్టారూ, మాట."

"గడ్డం అన్నని ముందు చెప్పమనండి. అతిథి కదా, మర్యాద."

గడ్డం రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకున్నాడు. "మాస్టారు వాళ్ళ నాన్నగారి గురించి చెప్పారు చూడండి, అబ్బ!"

"అన్నా, అది బట్టతల గురించి," గొణిగాడు మాస్టారు.

"అదే. నాన్నగారి బట్టతల."

కంగారులో గడ్డం మోచెయ్యి హారన్ మీద పడింది. చెవులు పోయాయని లైవ్ కింద కామెంట్లు బిలబిలమంటూ వచ్చాయి.

"చిన్న బ్రేక్!" అని మాస్టారు తలుపు తీసుకుని బయటపడ్డాడు. అటువైపు నుంచి గడ్డం కూడా దిగాడు. మాస్టారు అటు తిరిగి ఇంటికి ఫోన్ కొట్టాడు. ఎంగేజ్. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఎంగేజ్. ఇటు తిరిగేసరికి కారు టాప్ మీదుగా గడ్డం మొహం కనిపించింది. ఆయన చెవి దగ్గరా ఫోనే.

"మా ఆవిడ లైన్ దొరకట్లేదు," అన్నాడు గడ్డం నీరసంగా.

"మా ఇంట్లోనూ అంతే." మాస్టారు ఫోన్ దించాడు. "అంటే... నా షో వినేది..."

"మా ఆవిడే. బట్టలు మడతపెడుతూ వింటుంది. రాసేదీ తనే. మరి నాది?"

"ఇస్త్రీ చేస్తూ."

"మరి ఆ ఊపిరి?"

"అందరూ పీలుస్తారు కదా అని చెప్పా."

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు. కాలర్లకి తగిలించిన మైకుల్లో ఎర్ర లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. మాట్లాడిందంతా గ్రూపు మొత్తం వినేసింది.

మెల్లగా వచ్చి సీట్లలో కూలబడ్డారు. ట్యాబ్‌లో కామెంట్లు ఆగిపోయాయి.

"గెంటేస్తాడు," అన్నాడు మాస్టారు. "మళ్ళీ శ్రోతల్ని ఎక్కణ్ణుంచి తేను? నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళే బలవంతం మీద కూడా వినరు."

"నా పరిస్థితి మరీ ఘోరం. ఏసీ బాగుచేసినప్పుడల్లా షో గురించి చెప్తా. రెండోసారి ఎవరూ పిలవట్లేదు."

అప్పుడొచ్చింది ఒక కామెంటు. "అన్నలూ, మీకు హెల్ప్ చేద్దామని మా ఆవిడని అడగబోయా. ఆమె ఫోనూ ఎంగేజ్."

"మాదీ."

"మా ఇంట్లోనూ."

"గంట నుంచీ అంతే బ్రో. అందరూ ఒకే కాల్‌లో ఉన్నట్టున్నారు."

కామెంట్లు స్క్రీన్ మీద ఆగకుండా పైకి పోతున్నాయి. అన్నీ అదే మాట. ఉన్నట్టుండి 'పెద్దన్న టైప్ చేస్తున్నారు' అని కనబడింది. మాస్టారు బ్రేకు మీద కాలు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. గడ్డమే పైకి చదివాడు.

"మీలో ఎవరి ఫోనైనా ముందు కలిస్తే, మా ఆవిడని ఒకసారి నా కాల్ ఎత్తమని చెప్పండి."