ఆనవాలు మిగలదండి

కాకినాడలో ఇప్పుడు ఇంటింటా యంత్రమే వండుతుంది. దమయంతి ఇంట్లో అది మూడు రోజులుగా చారులో ఉప్పు వేస్తోంది. కిడ్నీ జబ్బుతో రెండేళ్లుగా చప్పిడి కూడు తింటున్న ఆమె భర్త వీర్రాజు, ఇన్నాళ్లకి నోటికి రుచి తగిలిందని కిక్కురుమనకుండా గ్లాసులకి గ్లాసులు తాగేశాడు. నాలుగో రోజు పొద్దున ఆయన పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు.

దమయంతి చారు రుచి చూసి ఫోను చేస్తే, యంత్రం కంపెనీ ఇంజనీరు వచ్చాడు.

"మేం మీ మెషీన్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యలేదండి. వంటకి రుచి పెంచే కొత్త ప్రోగ్రాం, ప్లగిన్ అంటాం, ఇంకా తయారవుతోంది. ఆఫీసు నుంచే మీ మెషీన్ మీద నడిపి చూస్తున్నాం, అంతేనండి."

"ఎవర్నడిగి?" అంది దమయంతి.

"ఇన్‌స్టాల్ చేస్తేనే అడగాలండి. టెస్టింగ్‌కి అక్కర్లేదు. ఇదిగో, ఆపేశాను. ఇంక ఆనవాలు కూడా మిగలదండి."

దమయంతి వంగి, మొగుడి పాదం మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. గుంట పడింది. ముగ్గురూ చూస్తుండగా అది అలాగే ఉండిపోయింది.

కుర్చీ లాగి ఇంజనీరు ముందు వేసింది.

"కూర్చో బాబూ. ఇది పూడాక వెళ్దువుగాని."